పందొమ్మిది గంటల మౌనవ్రతం

అయ్యా, నేను పేకాడను, సిగరెట్టు తాగను, పక్కింటి గోడ మీంచి తొంగి చూడను. ముప్ఫై నాలుగేళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఊళ్లోవాళ్ల దస్తావేజులు చదివి, పదేళ్ల కిందట పదవీ విరమణ చేసి, విజయవాడలో సొంత ఇంట్లో పడి ఉన్న గృహస్థుణ్ణి. అటువంటి నాకు ఏడు వారాలుగా నా ఇంట్లో, నా కంచం ముందు, నోరు విప్పే హక్కు లేదు. ఎవరికి అర్జీ పెట్టుకోవాలో తెలియక ఇలా కాగితం మీద పెడుతున్నాను.

ప్రతివాది ఒక అమెరికా సీరియల్. పేరు వాండావిజన్. 2021 జనవరి 15న మొదలై, నిన్న, అంటే మార్చి 5న, తొమ్మిదో భాగంతో ముగిసింది. వాండా అని మంత్రశక్తులున్న పిల్ల. ఆమె మొగుడు విజన్ ఒక మరమనిషి. 2018లో వచ్చిన సినిమాలో శుభ్రంగా చచ్చిపోయినవాడు, న్యూజెర్సీలో వెస్ట్‌వ్యూ అనే ఊళ్లో టై కట్టుకుని కాపురం చేస్తుంటాడు. ఎలా బతికొచ్చాడ్రా అంటే "అదే కదా నాన్నా సస్పెన్సు" అంటాడు మావాడు. మొదటి భాగం నలుపు తెలుపు. పాతకాలపు అమెరికా హాస్య నాటికల ఫక్కీలో, నిజంగానే ప్రేక్షకుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తీశారట. నాకేం తెలుసు? అంత ఖరీదు పెట్టి కొన్న టీవీకి రంగు పోయిందనుకుని వెనక్కి వెళ్లి వైర్లు కదిపాను. నెట్టు పోయింది. నా మీద నమోదైన మొదటి కేసు అది.

వేళ సంగతి చెప్పాలి. కాలిఫోర్నియాలో అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే కొత్త భాగం వదులుతారు. అది మనకు శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. నా జీవితంలో ఒంటిగంటన్నరకు ఒకే అర్థం ఉంది, వేడన్నం. కరోనా పుణ్యమా అని మావాడూ కోడలూ హైదరాబాదు నుంచి ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని దిగారు. వాళ్లకది లంచ్ టైము. పైవాటాలో అద్దెకుండే ఇంజనీరింగ్ కుర్రాడు కంచంతో సహా మెట్లు దిగుతాడు. నలుగురం టీవీ వైపు తిరిగి తింటుంటే పప్పుగిన్నె ఎవరి వెనకో ఉండిపోతుంది. అడిగితే "ష్" అంటారు. పప్పు అడిగినవాణ్ణి "ష్" అనడం మా వంశంలో ఇదే మొదలు.

అసలు ఉపద్రవం ఫిబ్రవరి 5న, ఐదో భాగం చివర్లో జరిగింది. వాండా ఇంటి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఎవడో తెల్లజుట్టు కుర్రాడు. అంతే. మావాడు కేక పెట్టాడు. పైవాటా కుర్రాడు కుర్చీలోంచి లేచి, చేతిలో ముద్ద చేతిలో ఉండగానే రెండడుగులు ఎగిరాడు. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కరెంటు షాకు కొట్టిందేమోనని మా ఆవిడ వంటింట్లోంచి అట్లకాడ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

తర్వాత విచారణలో తేలింది ఇదీ. ఆ వచ్చినవాడు వాండా కవల సోదరుడు పియెట్రో. 2015లో వచ్చిన సినిమాలో చచ్చిపోయాడు. అందులో ఆ వేషం ఆరన్ టేలర్-జాన్సన్ అనే నటుడు వేశాడు. ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డవాడు ఇవాన్ పీటర్స్. ఇతను 2014లో వేరే కంపెనీవాళ్ల సినిమాలో ఇదే వేషం వేశాడు. అంచేత రెండు కంపెనీల లోకాలూ కలిసిపోయాయనీ, విశ్వాలకు మధ్య గోడలు కూలిపోయాయనీ మావాడి తీర్మానం.

నేను మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, ఒక్క మాటన్నాను. "ఒరే, మీ అమ్మ చూసే సీరియల్లో కథానాయిక తండ్రి మూడుసార్లు మారాడు. ఇకపై ఈ పాత్రలో ఫలానావారు అని కింద రెండు ముక్కలు వేస్తారు, మర్నాటి నుంచి అతనే నాన్న. ఏ విశ్వమూ కూలలేదు." నన్ను చూసి ముగ్గురూ జాలిపడ్డారు. నాలుగు వారాల తర్వాత, చివరి భాగంలో ఏం తేలింది? వాడు ఏ విశ్వం నుంచీ రాలేదు. రాల్ఫ్ అని ఆ ఊరివాడే, ఒక మంత్రగత్తె చెప్పినట్టల్లా ఆడినవాడు. నాకు క్షమాపణ చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు.

ఇక్కడే నా ప్రధాన ఆరోపణ. భాగం నడిచేది గంటలోపే, అందులో ఆరేడు నిమిషాలు పేర్లే. దాని మీద చర్చ వారం. ఆ వారంలో వీళ్లు తమ సొంత కథ ఒకటి అల్లుకుంటారు. దాన్లో మెఫిస్టో అనే సైతాను ఉంటాడు. సీరియల్లో లేడు, వీళ్ల కథలో ఉన్నాడు. గోడ మీద ఈగ వాలితే మెఫిస్టో. వాండా పక్కింటావిడ పెంచుకునే కుందేలు మెఫిస్టో. ఊళ్లో కాస్త కటువుగా మాట్లాడిన ఇల్లాలు మెఫిస్టో. ఆరో భాగంలో పెరుగు ప్రకటన ఒకటి వచ్చింది. మట్టిబొమ్మలతో చేసింది. దీవిలో చిక్కుకుని ఆకలితో నకనకలాడే పిల్లాడికి ఒక సొరచేప పెరుగు డబ్బా ఇస్తుంది. మూత రాదు. వాడు దాన్ని పీకీ పీకీ ఎముకల గూడైపోతాడు. సొరచేప అంటే ఎవరు, పెరుగు అంటే ఏమిటి అని మా ఇంట్లో మూడు రోజులు వాదం నడిచింది. ఆ మూడు రోజులూ తోడు వేయడం ఎవరికీ జ్ఞాపకం లేదు. ఆ మట్టిబొమ్మ బాధ ఈ ఇంట్లో పూర్తిగా అర్థమైంది నాకొక్కడికే.

విజన్ వేషం వేసిన పాల్ బెటనీ మరీ గడుసువాడు. జీవితమంతా ఎవరితో కలిసి నటించాలనుకున్నానో అటువంటి నటుడొకడు ఇందులో ఉన్నాడని ఒక ముక్క వదిలాడు. వీళ్లు కాగితం కలం పట్టుకుని జాబితాలు రాశారు. తీరా చూస్తే రెండో విజన్ కూడా తనే, తనతో తనే యుద్ధం. నిన్న ఆ సంగతి తెలిసి మావాడు అన్నం మానేశాడు. నాకు మాత్రం ఆ మనిషి మీద గౌరవం పెరిగింది.

ఇక మౌనవ్రతం. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. భాగం వచ్చేసరికి అక్కడ తెల్లవారుజామున రెండు. పొద్దున ఆఫీసు, సాయంత్రం వంట, రాత్రి పిల్లల్ని పడుకోబెట్టి తొమ్మిదింటికి పెట్టుకుంటుంది. ఆమె చూడడం పూర్తయ్యేసరికి మనకు శనివారం ఉదయం తొమ్మిదిన్నర. అంటే శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర నుంచి పందొమ్మిది గంటలు ఇంట్లో ఎవరూ ఫోనులో కథ ఊసు ఎత్తకూడదు. ఎత్తితే దాన్ని స్పాయిలర్ అంటారు. మా తాతగారు ఏకాదశికి కూడా ఇంత నిష్ఠగా లేరు.

ఫిబ్రవరి 19న నేను ఆ వ్రతం భంగం చేశాను. వాండా పక్కింటి ఆగ్నెస్ పాతకాలపు మంత్రగత్తె అగాథా అని ఆ రోజు బయటపడింది. మా ఇంట్లో దిగ్భ్రాంతి. నాకేం దిగ్భ్రాంతి లేదు. మొదటి భాగంలోనే మొక్క పట్టుకుని వచ్చింది, అడిగిందే తడవుగా వంట సరంజామా అంతా తెచ్చిచ్చింది. ఐదో భాగంలో కుక్కపిల్ల దొరికిందో లేదో కుక్కగూడు చంకన పెట్టుకుని దిగింది. అరవై ఎనిమిదేళ్లలో నేను చూసిన పొరుగువాళ్లంతా పట్టుకెళ్లినవాళ్లే, పట్టుకొచ్చినవాళ్లు లేరు. అనుమానించొద్దూ? ఆ రాత్రి అమ్మాయి ఫోను చేసి బీపీ ఎంతుంది నాన్నా అంటే, ఉత్సాహం పట్టలేక, "బీపీకేం గానీ, ఆ పక్కింటావిడ మంత్రగత్తేనమ్మా, నే చెప్పలా" అన్నాను.

అవతల నిశ్శబ్దం. ఇవతల మావాడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. కోడలు మెల్లిగా, "మావయ్యగారూ, మీరు ఇకనుంచి శుక్రవారాలు ఫోను తియ్యకండి" అంది. 1997లో శక్తిమాన్ మొదలైనప్పుడు ఇదే మావాడు, ఎనిమిదేళ్లవాడు, నా తువ్వాలు మెడకు చుట్టుకుని నీళ్లట్యాంకు మీంచి దూకబోయాడు. పిల్లలు ఇలాంటివి చెయ్యొద్దని ఆ వేషం వేసిన ముఖేష్ ఖన్నా తెరమీదికొచ్చి చెప్పాల్సి వచ్చిన రోజులవి. ఆనాడు వాణ్ణి కాళ్లు పట్టుకుని కిందికి లాగినవాణ్ణి నేను. ఈనాడు నా నోరు మూయించేది వాడు.

ఎనిమిదో భాగం గురించి రాయకూడదనుకున్నాను. కానీ పిటిషన్ అన్నాక నిజం దాచకూడదు. ఆ భాగంలో వాండా ఒంటరిగా కారులో ఆ ఊరికి వస్తుంది. విజన్ కొన్న స్థలం అక్కడుంది. ఇల్లు లేదు, పునాది గీతలు మాత్రం ఉన్నాయి. దాని దస్తావేజు చేత్తో పట్టుకుని, ఆ మధ్యలో నిలబడి, మోకాళ్ల మీద కూలిపోతుంది. ఆ దుఃఖంలోంచే ఆ ఇల్లూ, మొగుడూ, ఊరి మీద మాయా పుట్టుకొస్తాయి. ముప్ఫై నాలుగేళ్లలో మొగుడు పోయాక కాగితాలు కొంగులో చుట్టుకుని మా ఆఫీసు బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్లను ఎందరినో చూశాను. నాకు గొంతు పట్టేసింది. అన్నం కలుపుతున్నట్టు తల దించుకున్నాను. ఆ తర్వాతే అసలు పురుగు తొలిచింది. మరమనిషి పేర రిజిస్ట్రేషన్ ఎలా అయింది? గుర్తింపు కార్డు ఏది చూపించాడు? పోయాక వారసత్వ ధ్రువపత్రం ఎవరిస్తారు? మావాణ్ణి అడిగితే, "నాన్నా, ఇంత కథలో నీకు దొరికింది ఇదా" అన్నాడు.

నిన్న ఆఖరి భాగం. సైతాను రాలేదు, రెండు విశ్వాలు కలవలేదు, జాబితాలో ఉన్న ఏ పెద్ద నటుడూ రాలేదు. మావాడూ పైవాటా కుర్రాడూ అప్పు తీసుకున్నవాడు ఎగ్గొట్టినట్టు ముఖాలు పెట్టారు. తీసినవాళ్లు ఇస్తామన్నదేదీ ఎగ్గొట్టలేదు. వీళ్లకు వీళ్లే ఇచ్చుకున్న మాట అది. వాండా మాయను తనే విప్పేసి, పిల్లల్ని పడుకోబెట్టి, మొగుడికి వీడ్కోలు చెప్పి, ఖాళీ స్థలంలో మిగిలింది. మా ఆవిడ అట్లకాడ కింద పెట్టి అంతా చూసింది. తొమ్మిది వారాల చర్చలో ఒక్క మాటా మాట్లాడని మనిషి, నిన్న మాట్లాడింది. "అది సరే, ఊరందర్నీ బొమ్మల్లా ఆడించింది కదా. వాళ్ల కలల్లోకి కూడా తన ఏడుపే తోసింది. తల వంచుకుని వాళ్ల మధ్యలోంచి నడిచి ఎగిరిపోతే అయిపోయిందా? వాళ్లదీ సంసారమే కదా." ఎవరూ జవాబు చెప్పలేదు. ఆవిడ కంచాలు ఏరుకుని వెళ్లిపోయింది.

తొమ్మిది వారాలని రాశాను, పైన ఏడని రాశాను. మొదటి రోజు రెండు భాగాలు కలిపి వేశారు కాబట్టి శుక్రవారాలు ఎనిమిది. వైర్లు కదిపినందుకు మొదటి వారం నన్ను హాల్లోకే రానివ్వలేదు. లెక్క ఏడే. కాగితంలో కొట్టివేతలు ఉండకూడదు గనక ఈ సవరణ కింద రాస్తున్నాను.

ఈ నెల 19 నుంచి ఇంకో సూపర్‌హీరో సీరియల్ ఉందట. అదీ శుక్రవారమేనట. దాని సంగతి అప్పుడు చూసుకుందాం. నాకిప్పుడు తేలాల్సింది ఆ స్థలం. మాయ విప్పాక ఇల్లు మాయమైంది, కాగితం మాత్రం అసలుదే కదా. హక్కు ఎవరిది? అమ్మాయి అమెరికాలో ఇల్లు కొన్న మనిషి, అక్కడి రిజిస్ట్రేషన్ పద్ధతి తెలుసు, అడుగుదామని నిన్న మధ్యాహ్నం నుంచి నోరు కట్టుకుని కూర్చున్నాను. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున ఏడింటి నుంచి గడియారం చూస్తున్నాను. సరిగ్గా తొమ్మిదిన్నరకు ఫోను మోగింది. రెండో రింగుకే ఎత్తాను.

"నాన్నా, చిన్నాడికి జ్వరం, చూడ్డం కుదర్లేదు. రేపు చూస్తాను. అప్పటిదాకా ఏం చెప్పకేం" అంది.