చచ్చిన మొక్కల లెక్క

మగ్గాన్ని నమ్ముకుని బతికినవాడికి అన్నీ మీటర్లలోనే కనబడతాయి. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన మా నాన్న కాలం నుంచీ ఇంట్లో ఒకటే మాట: ఇవాళ ఎన్ని మీటర్లు దిగింది? సూరత్‌లోని భేస్తాన్‌లో ఖాడీ (పోటెక్కే వాగు) పక్కన, ఇటుక పెళ్లలూ బాయిలర్ బూడిదా పోసిన ఖాళీ జాగాలో మా వాళ్లం వేప, కానుగ, తుమ్మ నాటాం. కొలిచే పని నేనే మీదేసుకున్నాను. బతికున్నవాటి ఎత్తు కొలిచి సగటు రాసేవాణ్ణి. అంతే.

మరుసటి ఏడు సగటు బాగా పెరిగింది. మట్టి దారికొచ్చింది, ఇక నీళ్లు మోయక్కర్లేదని బస్తీలో చెప్పాను. నా మాట నమ్మి పిల్లలు బిందెలు మానేశారు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

గోదావరిఖని నుంచి మా బావ వచ్చాడు. సింగరేణి ఓపెన్‌కాస్టు మట్టిగుట్టల మీద మొక్కలు పెంచిన మనిషి. కాగితం చూసి, "ఇండ్ల సచ్చినయి ఏవీ బామ్మర్దీ?" అన్నాడు.

నేను రాయలేదు. చచ్చినదాన్ని కొలిచేదేముందనుకున్నాను. ఆయన నేల మీదే లెక్క వేశాడు. ఐదు మొక్కలు: 90, 80, 70, 30, 30 సెంటీమీటర్లు. సగటు 60. పొట్టివి రెండూ చస్తే మిగిలిన మూడింటి సగటు 80. ఒక్కటీ వీసమెత్తు పెరగలేదు, కాగితం మీద మాత్రం తోట పెరిగింది!

ఎత్తునూ నమ్మొద్దన్నాడు. గుంపులో ఇరుక్కున్న మొక్క వెలుతురు కోసం సన్నగా సాగుతుంది. లేతవాటికి నేల దగ్గర కాండం మందం చూడాలి. ఎదిగినవాటికి 1.37 మీటర్ల దగ్గర, మన రొమ్ము ఎత్తున, చుట్టుకొలత తీయాలి. వాలులో ఉంటే ఎగువ వైపు నిలబడి కొలవాలి. ఏటా అదే చోట టేపు పడేలా రంగు గీత పెట్టాలి. చుట్టుకొలత రెండింతలైతే అక్కడ కాండం కోత వైశాల్యం నాలుగింతలవుతుందని ఆయన చెప్తే గానీ నాకు తట్టలేదు.

తర్వాత ఇద్దరం ఖాళీ గుంతలన్నీ తిరిగి కాగితం మీద గుర్తులు పెట్టాం. దాదాపు అన్నీ ఖాడీ వైపే, పోటు నీళ్లు ఎక్కే అంచునే ఉన్నాయి. మట్టి పైన తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. నేను ప్రతిసారీ దాన్ని తొక్కుకుంటూ వెళ్లి బతికినవాటికి టేపు పెట్టాను.

ఇప్పుడు ప్రతి గుంతకూ నంబరు రేకు ఉంది, మొక్క ఉన్నా లేకున్నా. వానలకు ముందు ఆ అంచున కట్ట పోసి, వేప మాని, ఉప్పుకు ఓర్చే తుమ్మా కానుగా పెడతాం. బిందెల వంతు ముందుగా నాదే.