పదకొండు నిమిషాల ఆట, రెండు రోజుల ప్రయాణం

వారాంతపు ఫుట్‌బాల్ యాత్ర అనేది అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో సెప్టెంబరు నుంచి జనవరి దాకా కనిపించే ఆచారం. దీనికి రెండు ఇళ్లు, ఒక స్టేడియం, ఆట అర్థం కాకపోయినా జెర్సీ కొనడానికి వెనకాడని మనుషులు ఉంటే చాలు. ఈ ఆచారం బాగా ముదిరిన రూపంలో టెక్సాస్‌లో దొరుకుతుంది. హ్యూస్టన్‌లో ఉన్నవారు శుక్రవారం ఆఖరి మీటింగును కారులోంచే ముగించుకుని, ఐ-45 రోడ్డు మీద సుమారు 240 మైళ్లు నడిపి, డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉన్న స్నేహితుల ఇంటికి చేరతారు. ఎందుకింత శ్రమ అంటే "డాలస్ కౌబాయ్స్ మ్యాచ్ చూడటానికి" అంటారు. ఆ జవాబు పరీక్షకు నిలిచేది కాదు.

దారిలో మాడిసన్‌విల్‌లో బకీస్ గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగడం తప్పనిసరి. పిల్లలకు చిరుతిళ్లు, కారుకు గ్యాస్, పెద్దలకు తళతళలాడే బాత్రూములు. యాత్ర మొత్తంలో పెట్టిన డబ్బుకు తగ్గ సుఖం దక్కే చోటు బహుశా ఇదొక్కటే.

శనివారం ఇల్లు చూపించే కార్యక్రమంతో మొదలవుతుంది. గ్రానైటు గట్టు, వెనకాల పెరడు, కరివేపాకు కుండీ (చలికాలంలో దాన్ని గరాజులోకి మోయడం గురించి ఒక ఉపన్యాసం), చివరికి మేడ మీద మీడియా రూమ్. గోడంత తెర, పైకప్పులో స్పీకర్లు, వాలుకుర్చీలు రెండు వరసలు. "ఇక్కడ మ్యాచ్ చూస్తే స్టేడియంలో ఉన్నట్టే ఉంటుంది బావా" అని ఇంటాయన గర్వంగా చెబుతాడు. అందరూ ఒప్పుకుంటారు. అలాంటప్పుడు రేపు స్టేడియానికెందుకని అడిగే దుర్మార్గుడు ఏ గుంపులోనూ ఉండడు. సాయంత్రం కార్యసిద్ధి హనుమాన్ గుడి, ఆ తర్వాత 2016 నుంచి ఫ్రిస్కోలోనే ఉన్న జట్టు ప్రధాన కార్యాలయం ముందు ఫొటోలు. రాత్రి బిర్యానీ.

టికెట్ల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. కౌబాయ్స్ స్టేడియంలో సీజన్ టికెట్ కొనాలంటే ముందు ఆ టికెట్ కొనుక్కునే హక్కును కొనాలి. 2009లో స్టేడియం తెరిచినప్పుడు మేలైన కుర్చీల హక్కు ఒక్కోదానికి 1,50,000 డాలర్ల దాకా ధర పెట్టారు. హక్కు కొన్నాక టికెట్ డబ్బులు మళ్లీ వేరే. అలా కొన్న పుణ్యాత్ములు తమకు తీరిక లేని ఆదివారాల్లో టికెట్లను యాప్‌లో అమ్మకానికి పెడతారు. పై అంతస్తులో నాలుగు సీట్లు తీసుకునే తెలుగు కుటుంబం వారి భారాన్ని కొంత మోస్తుంది. బిల్లు చివర కనిపించే సర్వీసు రుసుము ఏ సేవకో ఎవరూ అడగరు.

ఆ స్టేడియం కట్టడానికి అదున్న ఆర్లింగ్టన్ ఊరు కూడా తన వంతు మోసింది. 2004లో అక్కడి ఓటర్లు అమ్మకపు పన్ను అర శాతం, హోటల్ గదుల మీద 2 శాతం, అద్దె కార్ల మీద 5 శాతం పెంచుకోవడానికి ఒప్పుకున్నారు. ఊరి వాటా 32.5 కోట్ల డాలర్లు. యజమాని జెర్రీ జోన్స్ 1989లో సుమారు 14 కోట్ల డాలర్లకు కొన్న ఈ జట్టు విలువను ఫోర్బ్స్ పత్రిక 2024లో వెయ్యి కోట్ల డాలర్ల పైనే కట్టింది. చేయూత అవసరమైన మనిషికే ఊరు చేయూతనిచ్చిందన్నమాట. ఇంత చేసిన ఊళ్లో స్టేడియం దాకా వెళ్లే రైలు మాత్రం లేదు. కాబట్టి పార్కింగుకు ఇంకో టికెట్.

ఆట మధ్యాహ్నం 3.25కైతే ఇంటి నుంచి కదలడం ఉదయమే. కారు పెట్టిన చోటే డిక్కీ ఎత్తి తినడం అమెరికన్ల సంప్రదాయం. పక్క కారువాళ్లు పొగలు కక్కే పొయ్యి మీద మాంసం కాలుస్తుంటే, మనవాళ్లు అల్యూమినియం ట్రేలో రాత్రి మిగిలిన బిర్యానీ, స్టీలు డబ్బాలో పులిహోర విప్పుతారు. గేటు దగ్గర వేడుక ఆగుతుంది. 2013 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ నియమం ప్రకారం పారదర్శకమైన సంచే తేవాలి, అదీ 12 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు దాటకూడదు. చేతిసంచీతో వచ్చిన గృహిణి వెనక్కి కారు దాకా నడుస్తుంది. ఆమెకు తోడుగా వెళ్లే భర్త మొదటి క్వార్టరును పార్కింగులోనే పూర్తి చేస్తాడు.

ఇక లోపలికి వెళ్తే, మైదానం మీద సుమారు 90 అడుగుల ఎత్తున వేలాడే తెర కనిపిస్తుంది. 160 అడుగుల వెడల్పు, 72 అడుగుల ఎత్తు. ఖర్చు సుమారు 4 కోట్ల డాలర్లు. ఇదే జట్టు 1971లో మొత్తం స్టేడియాన్నే అంతకంటే తక్కువలో కట్టుకుంది. 2009 ఆగస్టులో సన్నాహక మ్యాచ్‌లో టెనెసీ ఆటగాడు పైకి తన్నిన బంతి ఈ తెరకే తగిలింది. తెరను పైకి జరపాలా అన్న చర్చ నడిచింది గానీ జరపలేదు. బంతి తెరకు తగిలితే ఆ ఆట చెల్లదు, మళ్లీ ఆడాలని లీగ్ తేల్చింది. తెరకూ బంతికీ తగాదా వస్తే ఎవరు తగ్గాలో అక్కడ తేలిపోయింది. పై అంతస్తు నుంచి కింద ఆటగాళ్లు చీమల్లా కనిపిస్తారు కనుక, నాలుగు మెడలూ తెరవైపే తిరుగుతాయి. తెలుగువారికి ఇది కొత్తేమీ కాదు. ముహూర్తానికి మండపం చుట్టూ ఫొటోగ్రాఫర్లు కోట కడితే, ఎదురుగానే ఉన్న జీలకర్ర బెల్లాన్ని ఎల్‌ఈడీ తెర మీద చూసి అక్షింతలు వేయడం వారికి అలవాటే.

తెర మీదైనా ఆట కనిపిస్తుందా అంటే, వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక 2010లో నాలుగు మ్యాచ్‌ల ప్రసారాలను లెక్క కట్టి చూసింది. మూడు గంటల పైచిలుకు ప్రసారంలో బంతి నిజంగా ఆటలో ఉన్నది దాదాపు 11 నిమిషాలు. ఆటగాళ్లు ఊరికే నిలబడటానికి, గుంపుగా చేరి మాట్లాడుకోవడానికి 67 నిమిషాలు, రీప్లేలకు 17, ప్రకటనలకు సుమారు గంట. ఇంట్లో చూసేవాడు ప్రకటన వస్తే లేచి టీ పెట్టుకుంటాడు. స్టేడియంలో కూర్చున్నవాడు, టీవీ వాళ్ల ప్రకటనలు అయ్యేదాకా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ ఆటగాళ్లను టికెట్ కొని మరీ చూస్తాడు. ఆ 11 నిమిషాల్లో ఒకటి రెండు ఆహారపు క్యూలో పోతాయి. మిగిలినవాటిలో సంభాషణ ఇలా సాగుతుంది: "ఇప్పుడేమైంది?" "ఫ్లాగ్ పడింది." "అంటే?" "అంటే ఇందాక జరిగింది జరగనట్టు."

సాయంత్రమయ్యేసరికి సూర్యుడు కూడా పాల్గొంటాడు. స్టేడియం తూర్పు పడమరలుగా ఉంది, రెండు కొసలా గాజు గోడలు. 2024 నవంబరులో ఫిలడెల్ఫియాతో మ్యాచ్‌లో పడమటి ఎండ కళ్లలో కొట్టి సీడీ లామ్ అనే మేటి ఆటగాడు తనవైపు వచ్చిన బంతినే చూడలేకపోయాడు. కౌబాయ్స్ 34-6తో ఓడారు. గాజు గోడలకు పరదాలు కట్టించమంటే యజమాని ఒప్పుకోలేదు. ఆడేవాళ్లకే బంతి కనిపించని చోట చూసేవాళ్లు ఫిర్యాదు చేయడం మర్యాద కాదు.

ఓటమి తర్వాత ఓదార్పుకు చరిత్ర ఉంది. "మనది అమెరికా జట్టు" అని 4 నంబరు జెర్సీ వేసుకున్న ఇంటాయన గుర్తు చేస్తాడు. ఆ బిరుదు జనం ఇచ్చింది కాదు. 1978 సీజన్ విశేషాలతో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫిల్మ్స్ తీసిన చిత్రానికి పెట్టిన పేరు. అయిదు సూపర్ బౌల్‌లు గెలిచిన మాట వాస్తవమే. చివరిది 1996 జనవరిలో. ఫ్రిస్కోలో ఇల్లు కొన్న తెలుగువారిలో చాలామంది అప్పటికి అమెరికాలో అడుగుపెట్టలేదు. తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూపించేవాళ్లుంటారు గానీ, ఎవరి తాతలో తాగిన నేతికి ఇంత డబ్బు పోసి వాసన కొనుక్కోవడం కొత్త పద్ధతి.

పార్కింగులోంచి బయటపడటానికి రెండో సగం ఆడినంత సేపు పడుతుంది. ఫ్రిస్కో చేరాక పిల్లల్ని పడుకోబెట్టి, మగవాళ్లు మీడియా రూములో కూర్చుని అదే మ్యాచ్ ముఖ్యాంశాలు పెట్టుకుంటారు. స్కోరు ఎలా మారిందో అప్పుడు తెలుస్తుంది. సోమవారం ఉదయం మీటింగు హ్యూస్టన్ దారిలో కారులోనే.

ఆచారం ఇక్కడితో తీరిపోదు, బదులు తీర్చాలి. తర్వాతి సీజన్లో ఫ్రిస్కో కుటుంబం హ్యూస్టన్ వస్తుంది. అక్కడి టెక్సన్స్ 2002లో ఆట మొదలుపెట్టిన జట్టు, ఇంతవరకు సూపర్ బౌల్ దాకా వెళ్లలేదు. అక్కడ స్టేడియం పక్కనే రైలు ఆగుతుంది. అయినా రెండు కుటుంబాలూ కారులోనే వెళ్తాయి, ఎందుకంటే ఆ రోజు పులిహోర హ్యూస్టన్ వాళ్లది, దాన్ని విప్పడానికి డిక్కీ కావాలి.