అల్లుడుగారి మేపుడు

కేంద్ర సర్కారువారి ఇంట ఇథనాల్ అనే అల్లుడు కాలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ కొత్తల్లుడి మర్యాదలే!

2003లో పెట్రోల్‌లో 5 శాతం చోటిస్తే చాలన్నాడు. పంచదార తీసేశాక మిగిలిన మొలాసిస్ పెడితే కిక్కురుమనకుండా తిన్నాడు. తర్వాత రుచులు మరిగాడు. మడ్డి వద్దు, చెరకురసమే కావాలన్నాడు. పోశారు. 2023లో వానలు మొహం చాటేశాయి, ఎన్నికలు మొహం చూపించాయి. పంచదార ధర ఎక్కడ పెరుగుతుందోనని డిసెంబరు 7న గ్లాసు లాక్కున్నారు. ఎన్నికలు గట్టెక్కాక మళ్లీ చేతికిచ్చారు.

అప్పటిదాకా అల్లుణ్ని పస్తు పెడతామా? మొక్కజొన్న వడ్డించారు. మక్కలు ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతి చేసుకునే దేశమైంది. దాణా ధర చూసి కోళ్లఫారాల వాళ్లు గుండెలు బాదుకున్నారు. పాపం, కోళ్లకు ఓట్లు లేవు.

ఆ తర్వాత బియ్యం. సేకరించి, నిల్వచేసి, మోసేసరికి ఎఫ్‌సీఐకి కిలో దగ్గరదగ్గర 40 రూపాయలవుతుంది. అల్లుడికి మాత్రం 2025 జనవరిలో క్వింటాలు 2,800 నుంచి 2,250 రూపాయలకు దించారు. ఆ ఏడాది 52 లక్షల టన్నులు కేటాయించారు. మనం రేషన్ బియ్యానికి వేలిముద్ర పడక ఈపాస్ మిషన్ మీద బొటనవేలు అరగదీస్తుంటాం. ఆయన వేలిముద్ర ఎవరూ అడగరు.

ఇక దాహం. చెరకుతో లీటరు ఇథనాల్ తయారు కావాలంటే సుమారు 2,860 లీటర్ల నీళ్లు కావాలని నీతి ఆయోగే లెక్క కట్టింది. పర్యావరణాన్ని కాపాడటానికి వచ్చినవాడు కదా, ఆ మాత్రం తాగడా!

ఈయనకో తోడల్లుడున్నాడు, బయోడీజిల్. అడవి ఆముదం నాటితే బీడుభూములన్నీ చమురు బావులవుతాయన్నారు. 2017కల్లా డీజిల్‌లో 20 శాతం అని 2009లో విధానం రాసుకున్నారు. మొక్క మొలిచింది గానీ, నీళ్లూ ఎరువూ లేనిదే కాయనని మొండికేసింది. 2018లో లక్ష్యాన్ని 5 శాతానికి దించి, గడువును 2030కి జరిపారు. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమంటారు. ఈ ఆముదానికి బీడులో కూడా ఆ హోదా దక్కలేదు.

మన దగ్గర సంగతి మరీ ముచ్చట. బోధన్‌లో చెరకు ఆడించాల్సిన నిజాం షుగర్స్ 2015లో మూతబడింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దు మొర్రో అన్నారు, అక్కడ కట్టడం మొదలెట్టారు. 2024 నవంబరులో జనం హైవే మీద బైఠాయించి, ఆర్డీవో కారును కదలనివ్వకపోతే గానీ పనులు ఆగలేదు. అడిగిన ఊళ్లో తాళం, వద్దన్న ఊళ్లో శంకుస్థాపన!

అల్లుడు బొత్తిగా పనికిమాలినవాడని కాదు. ముడిచమురు బిల్లు కొంత తగ్గించాడు, ఉత్తరాది చెరకు రైతుల బకాయిలు కొన్ని తీర్పించాడు. 2030కి చేరాల్సిన 20 శాతాన్ని 2025లోనే అందుకున్నాడు. ఇప్పుడు 27 అంటూ ఇంకో ముద్దకు చెయ్యి చాస్తున్నాడు. అయితే లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. అంటే వాటా పెరిగేకొద్దీ మైలేజీ తగ్గుతుంది, పాత బండికి ఇంకాస్త ఎక్కువ. అందుకే ఈ మిశ్రమాన్ని మామూలు పెట్రోల్ కన్నా చౌకగా అమ్మాలని 2021లో నీతి ఆయోగ్ నివేదికే సలహా ఇచ్చింది. తీరా చూస్తే, అల్లుడి తిండి ఖర్చే పెట్రోల్ తయారీ ఖర్చును మించిపోయిందని 2025లో పెట్రోలియం శాఖ చల్లగా చెప్పింది.

మరి ఇంత మేపినందుకు లీటరు మీద మనకు దక్కిన తగ్గింపెంత? దానికి నివేదికలు తిరగేయక్కర్లేదు. బంకు కుర్రాడు పైపు చేతబట్టుకుని రోజూ చెబుతూనే ఉన్నాడు: “జీరో చూసుకోండి సార్!”