టాప్ లింకు ఫ్రీ!

2025 సెప్టెంబరు 22న ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పన్నుకు ముందు ధర 5 లక్షలున్న మినీ ట్రాక్టరు అంతకుముందు 5.60 లక్షలు, ఆ తర్వాత 5.25 లక్షలు. తేడా 35 వేలు. షోరూం గడప దాటనంత వరకూ లెక్క ఇంత తేలికే.

‘ఆఫరేమైనా ఉందా?’ అని రైతు అడిగితే ‘జీఎస్టీ తగ్గింది కదండీ, అదే ఆఫరు!’ అంటాడు సేల్స్ కుర్రాడు. సర్కారు వదులుకున్న పన్ను డీలరు ఇచ్చిన పండగ కానుకైపోతుంది. టాప్ లింకు, హుక్కు, బంపరు ‘ఫ్రీ’. రిజిస్ట్రేషన్, బీమా, ‘హ్యాండ్లింగ్’ అదనం. దేన్ని హ్యాండిల్ చేశారో బిల్లులో ఉండదు, బహుశా రైతునే.

హార్స్‌పవర్ ముచ్చట మరొకటి. బానెట్ మీద గొప్పగా చెప్పుకునేది ఇంజిన్ శక్తి. రోటవేటరును తిప్పేది వెనక షాఫ్టుకు అందే పీటీఓ శక్తి, అది ఎప్పుడూ అంతకన్నా తక్కువే. ఆ రెండో అంకె అడగండి, బ్రోచర్ కోసం వెతుకులాట మొదలవుతుంది.

బత్తాయి వరుసల మధ్య దూరడానికి నాలుగడుగుల లోపు వెడల్పున్న 24 హెచ్‌పీ బండి చాలని రైతుకు తెలుసు. వెంట వచ్చిన బావమరిదే ఊరుకోడు. ‘బొమ్మబండి ఏంటి బావా, ఊళ్లో పరువు పోద్ది. యాభై తీసుకో!’ ఇక సేల్స్ కుర్రాడికి నోరు విప్పే పనే లేదు.

తీరా బేరం మొదలయ్యేసరికి ఫైనాన్స్ ఆయన కుర్చీ ముందుకు జరుగుతుంది. ‘ధరదేముందండీ, ఆర్నెల్ల కిస్తీ ఎంత కట్టగలరో చెప్పండి.’ వడ్డీ ఎంతని అడిగేలోపు టీ వచ్చేస్తుంది.