నాంపల్లి లార్డుగారు

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు మొదలుకొని నాంపల్లి స్టేషను వరకుగల వీధులలో, ఉద్యోగవిరమణానంతరము చేత వెడల్పాటి ఫోనును, చెవులయందు నల్లని బిరడాలను ధరించి, ఇరానీ హోటలు బల్లకడ చల్లారిన చాయను మరచి, పెదవులు కదుపుచు కూర్చుండు పెద్దమనుషుల జాతి యొకటి ఇటీవల విశేషముగా వృద్ధిపొందినది. వీరెన్నడును ఇంగ్లండునకు పోయినవారు కారు. పోవు నుద్దేశమును లేదు. యూట్యూబు పుణ్యమా యని ఆ దేశపు కోటలలో గదిగదియు తిరిగివచ్చినవారు. మా పేటలో వీరికి లార్డుగారని పేరు.

1066లో హేస్టింగ్సు యుద్ధమున హెరాల్డు ఎట్లు కూలెనో లార్డుగారికి కరతలామలకము. ఎనిమిదవ హెన్రీ భార్యలార్గురిలో ఎవరికి విడాకులో, ఎవరికి శిరచ్ఛేదమో వరుస తప్పక అప్పజెప్పుదురు. స్వంత తోడల్లుని పేరడిగినచో ఇల్లాలివంక చూతురు. ఆదివారము అబిడ్స్ కాలిబాటపై పరచిన పాత పుస్తకములలో ఇంగ్లండు చరిత్ర యెదురుపడినను వంగి చూడరు. చదువవలసి వచ్చును గదా! దినదినము తాము దాటు ఆ కూడలికి, ఆరవ నిజాము మహబూబు అలీఖాను కొలువున నుండిన ఆర్మీనియా దేశీయుడు ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన అంగడివలననే ఆ పేరు వచ్చినదని మీరు చెప్పినచో, "దాని మీద వీడియో ఉందా?" అని యడుగుదురు. కాని 1947లో ఎలిజబెత్తు వివాహమునకు ఏడవ నిజాము కానుకగా నిచ్చిన వజ్రహారము తెరపై మెరసినంతనే, దాని ఖరీదులో తమ వంతును కొంత యున్నట్లు మీసము సవరించుకొందురు.

ఆచారములన్న వీరికి ప్రాణము. అనగా అక్కడి యాచారములు. పార్లమెంటు ప్రారంభోత్సవమున రాజదూతయగు బ్లాక్ రాడ్ వచ్చుచుండగా కామన్సు సభవారు ఆయన మొగముమీదనే తలుపు మూయుదురట. 1642లో మొదటి చార్లెసు ఐదుగురు సభ్యులను బంధించుటకై సభలో జొరబడిన సంగతి వారింకను మరువలేదు. దూత నల్లకర్రతో ముమ్మారు తట్టినగాని తలుపు తెరువరు. ఈ వృత్తాంతమును విన్న మరునాటి యుదయమున లార్డుగారు వంటింటి తలుపును గొడుగుతో ముమ్మారు తట్టిరి. "గడియ లేదండీ, తోసుకుని రండి. పాలపాకెట్టు తెచ్చారా?" అని లోపలినుండి వినవచ్చెను. తేలేదు.

ఇంటి యాచారములు మాత్రము మూఢత్వములు. పంచాంగశ్రవణము కాలహరణము, పిల్లి యెదురైన ఆగుట అవివేకము. అయితే లండను టవరునుండి బొంతకాకులు పోయినచో రాజ్యము కూలునను నమ్మకమున, అవి ఆరింటికి తగ్గకుండ పోషించుచు, ఒక యధికారినే నియమించిన వైనమును చెప్పునప్పుడు వీరి కంఠము గద్గదమగును. ఎగిరిపోకుండ వాని రెక్కల ఈకలు కొంత కత్తిరింతురట. నమ్మకమునకు కత్తెర తోడన్నమాట! ఈ మాట నేను పైకి అనలేదు.

మొన్న వారి తండ్రిగారి ఆబ్దికమునాడు డాబాపై వాయసపిండముంచి అందరును ఆకసము చూచుచుండిరి. కాకి యొకటి మెట్రో వంతెనమీద కూర్చుండి, రాదు, పోదు. లార్డుగారు సహించలేక, ఈ కాకికొరకు పదిమంది యెండలో నిలుచుట యేమి, లండనులో కాకుల మర్యాదయే వేరని యుపన్యాసమారంభించిరి. పురోహితుడు శ్రద్ధగా విని, "వాటికేం పెడతారండీ?" అనెను.

"పచ్చిమాంసం, నెత్తుట్లో నానబెట్టిన బిస్కెట్లు."

"మనది గారెతో సరిపెట్టుకుంటుంది లెండి. మీరు కాస్త పక్కకి జరిగితే వస్తుంది. నాకింకా చిరాగలీలో మరో తద్దినం ఉంది."