ఎవరి తల ఎంత?

డిజైన్ పనికి సింపుల్ సాఫ్ట్‌వేర్ చాలా, అడ్వాన్స్‌డ్ కావాలా అని ఎవరైనా అడిగితే నేను ఎదురు ఒక్క ప్రశ్న వేస్తాను: అందులో మనుషుల ఫొటోలు ఉంటాయా? ఉండవంటే ఏదైనా ఒకటే, సెల్‌ఫోన్‌లో కానిచ్చేయండి. ఉంటాయంటే మాత్రం కుర్చీ లాక్కుని కూర్చోండి, చాలా మాట్లాడుకోవాలి.

నేను డిజైనర్ని కాను. మా కాలనీ వినాయక చవితి కమిటీలో చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే ఓపిక లేదన్నానని, "అయితే ఫ్లెక్సీ పని మీరు చూడండి" అని అంటగట్టారు. కూర్చుని చేసే పనే కదా అని అందరి ఉద్దేశం. ఒకప్పుడు నిజంగానే అంత పని కాదు. గుడ్డ బ్యానరు మీద ఆర్టిస్టు రంగులతో రాసేవాడు. పెద్దల పేర్లు వరసగా, కింద మూలన తన పేరు. బొమ్మ గీయాలంటే వేరే డబ్బులు అడిగేవాడు కనుక ఎవరూ తమ మొహం గురించి ఎత్తేవాళ్ళు కాదు. తర్వాత ఫ్లెక్సీ మెషీన్లు వచ్చాయి. అది చదరపు అడుగు లెక్కన కొడుతుంది. దానికి వినాయకుడైనా ట్రెజరరైనా ఒకటే రేటు. గొడవంతా అక్కడ మొదలైంది.

ముందు సింపుల్‌దే చాలనుకుని కాన్వాలో కూర్చున్నాను. దాన్ని 2013లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టారు. పెట్టినవాళ్ళలో ఒకరు మెలనీ పెర్కిన్స్. ఆవిడ చదువుకునే రోజుల్లో తోటి విద్యార్థులకు డిజైన్ సాఫ్ట్‌వేర్లు నేర్పేదట. ఏ బటన్ ఎక్కడుందో తెలిసేసరికే సెమిస్టరు గడిచిపోయేదట. ఆ విసుగులోంచి ముందు స్కూలు ఇయర్‌బుక్కుల వ్యాపారం, తర్వాత కాన్వా పుట్టాయి. అందుకే అది మనల్ని ఏమీ అడగదు. గడులు గీసే ఉంటాయి, రంగులు కుదిరే ఉంటాయి, మనం ఫొటో లాగి గడిలో పడేయడమే. కమిటీ సభ్యులందరినీ గుండ్రటి గడుల్లో సర్దేశాను. వరసకు నలుగురు, అందరూ ఒకే సైజు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కమిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. నీలి టిక్కులు మాత్రం పడ్డాయి. చివరికి అధ్యక్షులవారు ఫోన్ చేశారు. "బాగుందండీ. కానీ ఇందులో అధ్యక్షుడెవరో తెలియట్లేదు." ఆయన పెట్టేయగానే గౌరవాధ్యక్షులవారు. "నా గురించి కాదు, ఆ పదవికి ఒక గౌరవం ఉంది కదా." ఆ తర్వాత పోయినేడు లడ్డూ పాట పాడినాయన. ఈయనకు కమిటీలో ఏ పదవీ లేదు. లడ్డూ మాత్రం ఉంది.

చూశారా, సింపుల్ సాఫ్ట్‌వేర్‌తో చిక్కు ఇదే. అది మనుషులంతా సమానం అనుకుంటుంది. ఒక గడిని పట్టుకుని లాగితే పెద్దదవుతుంది, కాదనను. కానీ అధ్యక్షుణ్ణి పెంచితే ఆయన వెళ్ళి కార్యదర్శి చెవి మీద కూర్చుంటాడు. కార్యదర్శిని పక్కకు జరిపితే ఆయన వరస తప్పి కుర్రకారులో పడతాడు. కుర్రకారు అంటే ఫ్లెక్సీకి అడుగున పోస్టల్ స్టాంపులంతేసి ఉండే బ్యాచ్. అందులో పడ్డవాడు మళ్ళీ మండపానికి రాడు.

హైదరాబాదులో డిజైన్ చదువుతున్న మా మేనకోడలు నవ్వి, "మావయ్యా, ఫొటోషాప్‌లో చెయ్యి. ఒక్కొక్కరినీ ఒక్కో లేయర్‌లో పెట్టుకో. ఎవర్ని ఎంత పెంచినా పక్కవాళ్ళు కదలరు" అంది.

ఫొటోషాప్ అన్నదమ్ములు చేసింది. అన్న థామస్ నోల్ మిషిగన్‌లో పీహెచ్‌డీ చదువుతూ మొదలుపెట్టాడు. సినిమా ఎఫెక్టుల కంపెనీలో పనిచేసే తమ్ముడు జాన్ చెయ్యి కలిపాడు. 1990లో బయటికొచ్చింది. ఇప్పుడది మనకు సొంతం కాదు, నెల నెలా అద్దె కట్టాలి. ఈ అద్దె పద్ధతికి దాన్ని అమ్మే అడోబీవాళ్ళు పూర్తిగా మారింది కూడా 2013లోనే, అంటే కాన్వా తలుపులు తీసిన సంవత్సరమే. అంతకుముందు డబ్బాలో సీడీలు అమ్మేవారు. మన ఊళ్ళలో ఆ డబ్బా ఎవరైనా చూశారా అని అడక్కూడదు. అద్దె కట్టలేనివాళ్ళకు గింప్, ఇంక్‌స్కేప్ అని ఉచితమైనవి ఉన్నాయి. మంచివే. కానీ ఫ్లెక్సీ షాపులో వాటి పేరెత్తితే మిమ్మల్ని టీచరనుకుంటారు.

ఫొటోషాప్ కాన్వాలా కాదు, అన్నీ మనల్నే అడుగుతుంది. ఎన్ని అంగుళాలు, అంగుళానికి ఎన్ని చుక్కలు, రంగులు ఆర్‌జీబీయా సీఎంవైకేయా? పెళ్ళిచూపుల్లో మేనత్తలా వదిలిపెట్టదు. ఇవేవో దాటుకుని తలలు కత్తిరించడం మొదలుపెట్టాను. పెన్ టూల్‌తో గడ్డం కింద ఒక చుక్క, దవడ దగ్గర ఒక చుక్క, గీతను పట్టుకుని వంపు లాగడం. చెవి దగ్గరికొచ్చేసరికి ప్రాణం పోతుంది. చెవి ఇన్ని మలుపులు తిరుగుతుందని మనిషి మొహం చూసి చెప్పలేం. జుట్టు సంగతి సరేసరి. బట్టతల వారి మీద నాకు గౌరవం కలిగింది ఆ రాత్రే. మా ఉపాధ్యక్షులవారు రెండు వంపుల్లో అయిపోయారు.

తలలయ్యాక తెలుగు. "సిద్ధి వినాయక" అని కొడితే ద్ధి కాస్తా విడిపోయి, పొల్లు పెట్టుకున్న ద ఒకచోట, దాని వత్తు కావాల్సిన ధ ఒకచోట నిలబడ్డాయి. వరల్డ్-రెడీ లేఅవుట్ అనేది ఎంచుకోవాలని మేనకోడలు చెప్పింది. ఎంచుకునేసరికి వత్తులు బుద్ధిగా వచ్చి అక్షరాల కింద కూర్చున్నాయి.

ఫైలు పట్టుకుని షాపుకెళ్తే, అక్కడ దొర కోరెల్‌డ్రా. 1989 నాటిది. తలలు ఫొటోషాప్‌లో, అక్షరాలు కోరెల్‌లో, ఇదీ వాళ్ళ ఆచారం. తెలుగు మాత్రం అను ఫాంట్లలోనే. అవి యూనికోడ్ కాదు. అందులో కొట్టిన మ్యాటర్ వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి, అయినా ఆ అక్షరాల ఒడ్డూ పొడుగూ చూస్తే వదలబుద్ధి కాదు. మా ఆవిడతో ఫోన్లో మాట్లాడుతున్నాను. షాపు కుర్రాడు గట్టిగా, "సార్, ప్రియాంకను పెట్టమంటారా, అనుపమను పెట్టమంటారా?" అన్నాడు. ఫాంట్ల పేర్లని నేనెంత చెప్పినా, ఆవిడ చివరికి ఆ కుర్రాణ్ణి ఫోన్లోకి పిలిపించుకుని గానీ ఊరుకోలేదు.

ఈలోపు కమిటీ మొత్తం కుర్రాడి కుర్చీ వెనక చేరింది. కోశాధికారి ఫొటో పెద్దది చేస్తే గళ్ళుగళ్ళుగా పగిలింది. "వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి సార్, మామూలుగా పంపితే నలిగిపోద్ది" అన్నాడు కుర్రాడు. ఆ మాట రోజుకెన్నిసార్లు అంటాడో పాపం, మొహం కూడా ఎత్తలేదు. ఆయన మళ్ళీ పంపాడు. "నా తల ఒక పాయింటు పెంచు తమ్ముడూ" అని ఒకరు, "ఆయనకన్నా పెంచకు" అని ఇంకొకరు. కుర్రాడు చకచకా లేయర్లు పైకీ కిందకీ జరుపుతున్నాడు. ఎవరు ఎవరి భుజం వెనక నుంచోవాలో ఆ లేయర్ల పట్టీ చూస్తే కాలనీ రాజకీయం మొత్తం తెలిసిపోతుంది. అప్పుడొప్పుకున్నాను, అడ్వాన్స్‌డ్ సాఫ్ట్‌వేర్ కనిపెట్టింది మనలాంటి వాళ్ళ కోసమేనని. ఎవరి తలకు వాళ్ళ పొర.

రాత్రి పదింటికి అందరూ ఓకే అన్నారు. కుర్రాడు మౌసు వదిలి, "అంతా బాగానే ఉంది గానీ, స్వామిని ఎక్కడ పెట్టమంటారు సార్?" అన్నాడు.

పది అడుగుల ఫ్లెక్సీలో జానెడు చోటు లేదు. లడ్డూ పాట ఆయనా, గౌరవాధ్యక్షులవారూ చెరో రెండంగుళాలు జరగడానికి ఒప్పుకునేసరికి ఇంకో అరగంట. మంచి వినాయకుడి బొమ్మ కుర్రాడి సిస్టంలో లేదు. ఫొటోషాప్, కోరెల్‌డ్రా రెండూ తెరిచి ఉండగా, జేబులోంచి సెల్‌ఫోన్ తీసి కాన్వాలో వెతికాడు. క్షణంలో దొరికాడు స్వామి. లేత రంగుల్లో ముద్దుగా ఉన్నాడు. కాకపోతే చుట్టూ జామాయిల్ ఆకుల దండ. ఆస్ట్రేలియా చెట్టు కదా, పుట్టింటి వాసన.

"ఆకులు తీసేయనా సార్?"

"వద్దులే. ఇరవై రెండో పత్రి అనుకుంటాం."