పాడిందే పాడే పాచిపళ్ళ దాసర్లు

ఎదుటివాడి మాట నచ్చనప్పుడు జవాబు వెతుక్కునే బాధ ఈ తరానికి తప్పిపోయింది. ‘వీడొట్టి ఎన్‌పీసీరా’ అనేస్తే చాలు. వాదన అయిపోయినట్టే, మనం గెలిచినట్టే. వాడు చెప్పినదాంట్లో తప్పేమిటో చూపించక్కర్లేదు. అసలు వాడికి బుర్రే లేదని తేల్చేశాక ఇంకా తప్పొప్పుల ప్రసక్తి ఎక్కడిది? తెలివైనవాళ్ళమని చాటుకోవడానికి ఇంత తక్కువ తెలివి ఖర్చయ్యే మార్గం ఈమధ్య మరొకటి రాలేదు.

గేములు ఆడని పెద్దల కోసం ఒక మాట. ఎన్‌పీసీ అంటే నాన్ ప్లేయర్ క్యారెక్టర్. ఆడేవాడి చేతిలో లేని ప్రతి పాత్రా ఎన్‌పీసీయే: అంగడివాడు, కత్తులు సాగగొట్టే కమ్మరి, కోట గుమ్మం దగ్గర కాపలావాడు, దారినపోయే దానయ్య. వీళ్ళకు రాసిపెట్టిన డైలాగులు నాలుగో ఐదో ఉంటాయి. ఎన్నిసార్లు పలకరించినా అవే. 2011లో వచ్చిన స్కైరిమ్ గేములో కాపలా సైనికుడు దగ్గరికెళ్ళినవాడితో, ఒకప్పుడు తానూ సాహసవీరుణ్ణేనని, మోకాలికి బాణం తగిలి ఇలా మిగిలిపోయానని చెప్పుకుంటాడు. పాపం అనుకుని పక్క ఊరు వెళితే అక్కడి సైనికుడిదీ అదే కథ, అదే మోకాలు. ఆ దేశంలో శత్రువులు మోకాలికి తప్ప మరెక్కడా గురిపెట్టరు కాబోలు.

సరే, ఇలాంటి బొమ్మను మనిషికి అంటగట్టి తిట్టడంలో చమత్కారం ఉంది, కాదనను. కానీ తిట్టేవాళ్ళు ఆ బొమ్మ పుట్టుపూర్వోత్తరాలు ఒకసారి చూసుకుంటే బావుండేది. ఎన్‌పీసీ పుట్టింది కంప్యూటర్‌లో కాదు, కాగితం మీద. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలో. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, పాచికలేస్తూ, తలా ఒక వీరుడి పాత్ర కట్టుకుని కథ నడిపిస్తారు. మిగతా పాత్రలన్నీ మధ్యవర్తి నోటినుంచే పలుకుతాయి. వీరుడు జీతమిచ్చి పెట్టుకునే బంట్లు, కూలివాళ్ళు అందరూ ఎన్‌పీసీలే. ఆ మొదటి నియమాల పుస్తకంలోనే వాళ్ళకు విశ్వాసం అని ఒక కొలత పెట్టారు. ఎంత జీతమిస్తున్నారు, ఎన్నాళ్ళుగా చేస్తున్నాడు, ఎలా చూసుకుంటున్నారు అన్నదాన్నిబట్టి అది పెరుగుతుంది, తరుగుతుంది. మరీ అడుగంటితే ఆ బంటు మొదటి సందు దొరకగానే ఉడాయిస్తాడు. అంటే ఎన్‌పీసీ పుడుతూనే జీతం చూసుకున్నాడు, మర్యాద చూసుకున్నాడు, రెండూ కుదరకపోతే నోటీస్ పీరియడ్ కూడా లేకుండా సంచీ సర్దుకున్నాడు. ఈ మాటను తిట్టుగా వాడేవాళ్ళలో ఎందరికి అంత ధైర్యం ఉందో వాళ్ళ మేనేజర్లను అడగాలి.

ఆటలోని ఆ మాట తిట్టుగా మారింది అమెరికాలో. ఫోర్‌చాన్ అని, పేరూ ఊరూ చెప్పకుండా ఎవరైనా ఏమైనా రాసుకునే అడ్డా ఒకటుంది. 2016లోనే అక్కడ ‘నువ్వు ఎన్‌పీసీవా?’ అనే చర్చ మొదలైంది. అక్కడ తిరిగిన ఒక సిద్ధాంతం మనవాళ్ళు తప్పక వినాలి. భూమ్మీద ఆత్మల సంఖ్య ఇంత అని ఖాయమట, అవే చస్తూ పుడుతూ ఉంటాయట. జనాభా విపరీతంగా పెరిగిపోవడంతో ఆత్మలు చాలక, మిగిలిన శరీరాలు ఖాళీగా తిరుగుతున్నాయట. పునర్జన్మను రేషన్ షాపు సరుకుగా మార్చిన ఈ వేదాంతికి, స్టాకు అయిపోయే వేళకు తానెక్కడ నిలబడి ఉన్నాడో అన్న అనుమానం మాత్రం రాలేదు. రాదు కూడా. పూర్వజన్మ గుర్తున్నవాళ్ళందరూ అప్పట్లో రాజులో రాణులో అయినట్టే, ఎన్‌పీసీ సిద్ధాంతం నమ్మేవాళ్ళందరికీ ఆత్మ తప్పకుండా ఉంటుంది.

ఆ తరవాత దీనికి సైన్సు రంగు కూడా పులిమారు. నెవాడా విశ్వవిద్యాలయం, లాస్ వేగస్‌లో రసెల్ హర్ల్‌బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు. ఆయన మనుషులకు ఒక బీపర్ ఇచ్చి పంపుతారు. అది ఎప్పుడు పడితే అప్పుడు కూస్తుంది. కూసిన క్షణానికి ముందు మనసులో ఏముందో వాళ్ళు రాసుకోవాలి. అలా చూస్తే, లోపల మాటలు వినబడుతున్న సందర్భాలు సుమారు నాలుగోవంతే తేలాయి. మిగతా వేళల్లో బొమ్మలు, అనుభూతులు, మాటా బొమ్మా రెండూ లేని ఆలోచనలు. కొందరిలో మాటలు అసలు లేనేలేవు. ఇంకేం, మహానుభావులు పట్టేసుకున్నారు: లోపల గొంతు లేనివాడికి బుర్ర లేనట్టే, వాడే ఎన్‌పీసీ!

హర్ల్‌బర్ట్ చెప్పింది సరిగ్గా దీనికి వ్యతిరేకం, మాటల్లేకుండానూ ఆలోచన సాగుతుందని. పులుసు రుచి చూసి చిటికెడు ఉప్పు వేసే అమ్మ, ‘ఇప్పుడు నేను ఉప్పు వేయవలెను’ అని లోపల ప్రసంగం చేసుకోదు. వేస్తుంది, అంతే. అయినా తల లోపల గొంతు ఉండటమే తెలివికి రుజువైతే, ఆ గొంతు నిన్న రాత్రి ఎవరి వీడియోలో విన్నదో కూడా కాస్త విచారించాలి.

2018 సెప్టెంబరులో ఈ తిట్టుకు ఒక ముఖం వచ్చింది. వోజాక్ అని ఇంటర్నెట్‌లో ఎప్పటినుంచో తిరుగుతున్న దిగులుమొహం బొమ్మకు బూడిదరంగు పూసి, ముక్కు మొనదేల్చి, నోటిని ఒక గీతగా గీసేశారు. ట్రంప్‌ను విమర్శించే ఉదారవాదులంతా ఎవరో నేర్పిన నాలుగు ముక్కలు వల్లిస్తారని వెక్కిరింపు. వాళ్ళు వల్లించరని నేననను. కానీ వెక్కిరించిన తీరు చూడండి. ట్విట్టర్‌లో వందలకొద్దీ కొత్త ఖాతాలు తెరుచుకున్నాయి. అన్నింటికీ అదే బూడిద మొహం, అదే పేరు, పక్కన ఒక నంబరు, అవే జోకులు. మేం స్వతంత్రంగా ఆలోచిస్తాం అని లోకానికి చాటడానికి అందరూ యూనిఫాం కుట్టించుకుని వరసగా వచ్చి నిలబడ్డారు. కొన్ని ఖాతాలు ఎన్నికల గురించి తప్పుడు సమాచారం కూడా పంచాయి. ఆ నవంబరులో మధ్యంతర ఎన్నికలు జరగాల్సి ఉండగా, మూడు వారాల ముందు ట్విట్టర్ దాదాపు 1,500 ఖాతాలు మూసేసింది. దాంతో మిగిలినవాళ్ళంతా గొంతు నొక్కేస్తున్నారని ఒకే వాక్యంలో, ఒకే స్వరంతో గోల పెట్టారు. బొమ్మ గీసినవాడికి కూడా తన బొమ్మ ఇంత బాగా కుదిరిందని అనిపించి ఉండదు. గురివింద గింజకు తన కింద నలుపు కనబడదు. ఇక్కడ బూడిదరంగు కూడా కనబడలేదు.

అసలు గేములో బుద్ధిగా చెప్పింది చేసేది ఎవరు? 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో పని పురమాయించే ఎన్‌పీసీ నెత్తిన పసుపురంగు ఆశ్చర్యార్థకం వెలుగుతుంది. అది కనబడగానే వీరాధివీరులు పరిగెత్తుకొస్తారు. ఫలానా జంతువుల తోళ్ళు పది తెమ్మంటే, ఎందుకని అడిగే నాథుడు లేడు. తెచ్చిస్తారు. ఇంకో పది తెమ్మంటే అవీ తెస్తారు. ఎన్‌పీసీ నిలబడ్డచోటునుంచి కదలడు, పని మాత్రం మనచేత చేయిస్తాడు. దీన్ని మా ఆఫీసుల్లో మేనేజ్‌మెంట్ అంటారు. ఇక స్కైరిమ్ వీరుడి స్వేచ్ఛాచింతన ఎలా ఉంటుందంటే, అంగడివాడి నెత్తిన బిందె బోర్లించి, వాడికి కళ్ళు కనబడకుండా చేసి, కొట్టంతా దోచుకుపోతాడు. బిందె కింద నిలబడ్డవాడికి బుద్ధి లేదట, బిందె పెట్టినవాడికి ఉందట. 2007లో బయోషాక్ అనే గేము ఈ గర్వం మీదే దెబ్బ కొట్టింది. అందులో కథానాయకుడు సగం దారి దాటాక తెలుసుకుంటాడు: మర్యాదగా వినిపించే ఒకే ఒక్క మాట చెవిన పడినప్పుడల్లా, తన ఇష్టమనుకుని తాను చేసినవన్నీ ఎవరో చేయించిన పనులేనని. ఆడేవాళ్ళు ఆహా ఓహో అన్నారు, తరవాతి గేము తెరిచి బాణం గుర్తు ఎటు చూపిస్తే అటు నడిచారు.

మన తెలుగు సోషల్ మీడియాలో ఈ సరుకుకు కొరత ఎప్పుడూ లేదు. ‘గొర్రెలు’ ఉండనే ఉన్నారు: ప్రతి పార్టీవాడికీ అవతలి పార్టీవాళ్ళు, ప్రతి హీరో అభిమానికీ ఇంకో హీరో అభిమానులు. ‘పేటీఎం బ్యాచ్’ అని తిట్టేవాళ్ళే కాస్త నయం. ఎదుటివాడికి పోస్టుకు ఐదు రూపాయల కూలీ అయినా ముట్టిందని ఒప్పుకుంటారు. ఎన్‌పీసీ అనడంలో ఆ కూలీ కూడా లేదు. ఇది కాస్త ఇంగ్లీషు వచ్చిన, గేమింగ్ కుర్చీ ఉన్న ఇళ్ళలో చెలామణీ అయ్యే సరుకు.

“మీ వాచ్‌మన్ పక్కా ఎన్‌పీసీ బావా. ఎప్పుడు కనబడినా ‘డ్యూటీ నుంచేనా సార్’ అని ఒకటే డైలాగ్!” అంటాడు గచ్చిబౌలి బావమరిది. పొద్దున పదింటికి ఈయనగారు లాప్‌టాప్ తెరిచి, ‘నిన్న ఇది చేశాను, ఇవాళ ఇది చేస్తాను, బ్లాకర్స్ ఏమీ లేవు’ అని ఏళ్ళ తరబడి చదువుతున్న దండకం ఇంట్లో అందరికీ నోటికొచ్చు. నాలుగో తరగతి చదివే మేనకోడలు ఆయన గొంతుతో సహా అప్పజెబుతుంది. వాచ్‌మన్‌కు ఏ ఫ్లాటులో ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరి పిల్లాడు లిఫ్టులో అన్ని బటన్లూ నొక్కిపోతాడో తెలుసు. బావమరిదికి వాచ్‌మన్ పేరు తెలీదు. ఒకే మాట పదిసార్లు చెప్పడం చాలామందికి ఉద్యోగం. బ్యాంకు కౌంటర్లో ‘సర్వర్ డౌనండీ’ అనే అమ్మాయి అది సరదాకి చెప్పడం లేదు. కాల్ సెంటర్ కుర్రాడి ముందు వాక్యాలు రాసిపెట్టినవాళ్ళు వేరే ఉన్నారు, అందులో ఒక ముక్క తప్పితే కోత పడేది మాత్రం కుర్రాడి జీతానికే.

ఈ గొడవంతటిలో బుర్ర వాడింది ఒకావిడ. 2023 జులైలో పింకీడాల్ అనే కెనడా యువతి టిక్‌టాక్ లైవ్‌లో తానే ఎన్‌పీసీ వేషం కట్టింది. చూసేవాళ్ళు డబ్బు పెట్టి ఐస్‌క్రీం బొమ్మ పంపితే ఐస్‌క్రీం బావుందన్న డైలాగు, ఇంకో బొమ్మ పంపితే ఇంకో డైలాగు. మధ్యమధ్యలో జుట్టు సాపు చేసుకునే వేడి పరికరంతో మొక్కజొన్న గింజల్ని ఒక్కొక్కటిగా పేల్చడం. 2020లోనే మనకు టిక్‌టాక్ మూసేశారు కాబట్టి, మనవాళ్ళు ఆ ముక్కలు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి లోకం పాడైపోయిందని బాధపడ్డారు. ఆవిడకు మాత్రం రోజుకు వేల డాలర్లు. బొమ్మ పంపితే డైలాగు వస్తుందని ముందే తెలిసి, అయినా వస్తుందో రాదోనని మళ్ళీ మళ్ళీ డబ్బు కట్టి నొక్కిన స్వతంత్ర ఆలోచనాపరుల సంఖ్య ఎవరూ లెక్కపెట్టలేదు.

అదే ఏడాది ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్, గూగుల్ పరిశోధకులు కలిసి కృత్రిమ మేధతో 25 మంది ఎన్‌పీసీలున్న స్మాల్‌విల్ అనే చిన్న ఊరు కట్టారు. అందులో కాఫీ కొట్టు నడిపే ఇసబెల్లా అనే పాత్రకు, ప్రేమికుల రోజున విందు ఇవ్వాలన్న కోరిక ఒక్కటే పెట్టి వదిలేశారు. మిగతాదంతా ఆ పాత్రలే చూసుకున్నాయి. పిలుపులు ఊళ్ళో పాకాయి, 12 మందికి అందాయి. ఐదుగురు వచ్చారు. ముగ్గురు తీరిక లేదన్నారు. మిగతా నలుగురు తప్పకుండా రావాలని ఉందన్నారు గానీ, ఆ రోజుకు వెళ్ళే ఆలోచనే పెట్టుకోలేదు. వాళ్ళను బుర్రలేనివాళ్ళని అనగలిగే ధైర్యం, పెళ్ళి పిలుపులకు ‘ఎందుకు రామండీ’ అనే అలవాటున్న మనలో ఎవరికుందో చెప్పండి.